ఎల్లమంద పిలుపు

బర్నబాసు కెమెరాను మోకాలి మీద పెట్టుకుని పాత బనీను ముక్కతో లెన్సు తుడుస్తున్నాడు. నడుము పట్టేసింది. కుడి మోకాలు వంగనంటోంది. పెళ్లి వీడియోలు తీసీ తీసీ అరిగిపోయిన ఒళ్లు మరి, ఎన్నాళ్లని మాట వింటుంది? అయినా పొద్దున్నే తెనాలిలో రైలెక్కి, బాపట్లలో దిగి, ఆటో పట్టుకుని ఈ సముద్రపు ఒడ్డు పల్లెకి వచ్చాడు. ఇంట్లో ఒక్కడే కూర్చోవడం కన్నా ఏ పనైనా నయమే అతనికి.

పని తెనాలిలో రిటైరైన లెక్చరరు వినయ్ కుమార్ గారు అప్పగించింది. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడలు ఒంటరిగా కాకుండా జట్టుగా, చుట్టూ యుద్ధనౌకల కాపలాతో నడిచేవట. ఆ ఓడల్లో బొగ్గు ఎగదోసిన మనవాళ్ల మాటలు వాళ్లు పోకముందే దాచిపెట్టాలని ఆయన పట్టుదల. దాచడానికి ముందు మనుషులంటూ మిగలాలి కదా! రేపల్లెలో ఒకాయన బర్నబాసు వెళ్లేసరికే కాలం చేశాడు. తెనాలిలో ఇంకొకాయన కన్నకూతుర్నే ఎవరమ్మా నువ్వని అడుగుతున్నాడు. మిగిలింది ఈ పున్నారావు ఒక్కడే.

తొంభై దాటిన పున్నారావు తాటాకు పంచలో నులకమంచం మీద కూర్చున్నాడు. జబ్బల మీద చర్మం వేలాడుతోంది. వేళ్లు మాత్రం ఇంకా పార పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. మనవరాలు కుమారిని లోపలికి పొమ్మన్నాడు. పక్కింటి రత్తాలు ఎదురుగా చతికిలబడబోతే ఆమెనూ పంపేశాడు. రత్తాలుకి ఎనభై ఉంటాయి. ఆమె అన్న ఎల్లమంద, పున్నారావు ఒకేసారి ఊరు దాటి వెళ్లారు. పున్నారావు ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఇది నేను పోయాక రత్తాలుకి చూపించు బాబూ," అన్నాడు ముసలాయన. "నేనుండగా వొద్దు. దాని మొకం చూడలేను."

ఆ తర్వాత చెప్పుకుపోయాడు. పెళ్లిమండపంలో ఎంతమంది మాట్లాడుతున్నా బర్నబాసు చెవిన పడదు, అతని ధ్యాసంతా వెలుతురు మీదే ఉంటుంది. ఇవాళ మాత్రం వెలుతురు సంగతే మరిచిపోయాడు.

ఒక తెల్లవారుజామున ముందు పోతున్న ఓడకి శత్రువుల టార్పెడో దెబ్బ తగిలింది. ఎల్లమంద పనిచేసేది దాంట్లోనే. నీళ్లలో మనుషులు తేలుతున్నారు. వెనక వచ్చే ఓడ ఆగడానికి వీల్లేదు, ఆగితే దాన్నీ ముంచుతారు. అది జట్టు ఓడల కట్టుబాటు. పున్నారావు ఎక్కిన ఓడ వాళ్ల మధ్యలోంచే నడిచింది. కమ్మీ పట్టుకుని వంగి చూస్తే కింద ఎల్లమంద. ఒరే పున్నా అని పిలిచాడు. చెయ్యెత్తాడు. ఓడ ఆగలేదు. ఊరికొచ్చాక పున్నారావు ఎల్లమంద తల్లికి, నిద్రలోనే పోయాడు, వాడికేం తెలియదు అని చెప్పాడు. ఆ అబద్ధంతోనే ఇన్నేళ్లూ బతికాడు.

రేపల్లెలో సాయంత్రం ఒక నిశ్చితార్థం ఉంది. బర్నబాసు తెనాలి తిరిగొచ్చి, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఊసుపోక పొద్దుట తీసింది చూసుకున్నాడు. పున్నారావు పెదాలు కదులుతున్నాయి. మాట లేదు. చెవికి ఆనించుకున్నాడు. ఊహూఁ.

ఎందుకుంటుంది? బ్యాండుమేళం హోరు పడలేక కెమెరాలో సౌండు ఏనాడో పూర్తిగా తగ్గించేశాడు. పెళ్లి వీడియోలో మాటలెవరిక్కావాలి, తర్వాత పాటలు అతికిస్తారు. ఆ మీట సంగతే మనసులోంచి పోయింది. భార్య సుగుణమ్మ పోయి మూడేళ్లు. ఆమె నవ్వుతూ ఏదో చెబుతున్న వీడియోలు ఇంట్లో చాలానే ఉన్నాయి, అన్నిటి మీదా పాటలే. ఆమె గొంతు ఒక్క చోటా లేదు. ఆ సంగతి గుర్తొచ్చి బర్నబాసుకి ఏడుపొచ్చినంత పనయింది.

నిశ్చితార్థం వాళ్లకి రాలేనని ఫోన్ చేశాడు. పెళ్లికూతురి తండ్రి నోటికొచ్చినట్టు తిట్టాడు. అన్నీ విని, అవునండి, తప్పేనండి అని ఫోన్ పెట్టేశాడు. కుంటుకుంటూ వంతెన దాటి మళ్లీ బాపట్ల బండి ఎక్కాడు. ముసలాయన్ని బతిమాలి ఇంకోసారి చెప్పించుకోవాలి. ఒకసారి చెప్పడానికే ఆయన ప్రాణం ఎంత అలిసిపోయిందో కళ్లారా చూశాడు, అయినా తప్పదు.

వెళ్లేసరికి వాకిట్లో జనం ఉన్నారు.

"అన్నం తిని పడుకున్నాడు బాబాయ్," అంది కుమారి. "టీ ఇద్దామని లేపితే లేవలేదు."

బర్నబాసు అరుగు మీద కూలబడ్డాడు. ఎంతసేపటికో రత్తాలు వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు తుడుచుకుని, నాకు చూపించమన్నాడంట కదా, చూపించు బాబూ అంది. కుమారి లోపల్నుంచి అంతా విన్నదేమోనని అతను అటు చూశాడు. చూపించమన్న ఆ మొదటి మాట తప్ప ఇంకేమీ వినలేదంది ఆ పిల్ల.

అంటే ఆ సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద బర్నబాసు ఒక్కడే. నిద్రలో పోయాడన్న మాటే మళ్లీ చెప్పినా అడిగేవాళ్లు లేరు. ఎనభై ఏళ్ల మనిషి, పైగా శవం లేచిన ఇల్లు కూడా కాదింకా. ఈ వేళప్పుడు ఆమె గుండెల మీద మరో బరువెందుకు? నోటి దాకా వచ్చింది ఆ అబద్ధం. సంచిలోంచి కెమెరా తీసి ఆమె ముందు పెట్టి నడిపించాడు. అందులో పున్నారావు చెయ్యెత్తి చూపిస్తున్నాడు, నీళ్లలో ఎల్లమంద ఎత్తినట్టు. రత్తాలు ఆ చేతినే చూస్తోంది.

"మాట పడలేదు పిన్నీ. తప్పు నాదే. ఆయన చెప్పింది నేను విన్నాను, చెబుతాను."

బొమ్మ కదులుతుంటే, పక్కన అతను చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు, కలపలేదు.

"పిలిచాడా?" అంది రత్తాలు.

"పిలిచాడు పిన్నీ. పేరు పెట్టే పిలిచాడు."

ఆమె కెమెరాలో కనిపిస్తున్న ఆ చేతిని వేలితో తాకింది. తర్వాత చిన్నగా అంది. "మాయమ్మ పోయేదాకా ఒకటే ఏడుపు బాబూ. ఆకరి గడియలో నా బిడ్డకి మనోళ్ల మొకం ఒక్కటీ కనపడలేదే అని. కనపడింది కదా. ఆ ముక్క అప్పుడే చెప్పుంటే అమ్మ నెమ్మదిగా పోయేది. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నాడు, పిచ్చి సచ్చినోడు."

లేచి లోపలికి వెళ్లింది. పున్నారావు కాళ్ల దగ్గర కూర్చుని, ఆయన్ని తిడుతూ, ఆ పాదాలు నిమురుతూ, పెద్దగా ఏడ్చింది.

మంచం లోపలికి తీసుకెళ్లడంతో పంచ బోసిపోయింది. బర్నబాసు సంచి సర్దుకుని లేవబోతూ తలెత్తాడు. నిద్ర లేచాక కాల్చుకుందామని ముసలాయన దోపుకున్న సగం చుట్ట చూరులో అలాగే ఉంది.