వైర్‌లెస్ కొనమన్నది నేనే

"వైర్‌లెస్ అయితే పిన్ని వంట చేసుకుంటూ కూడా వాయించుకోవచ్చు కదా" అన్నాను.

పెద్దవాళ్ళ మధ్య నేను నోరు విప్పడం అరుదు. పదో తరగతి వరకు మా ఊరి జిల్లా పరిషత్ స్కూల్లో చదివాను. అక్కడ కూడా టీచర్ పేరు పిలిస్తే తప్ప లేచి నిలబడలేదు. ఈ దేశం వచ్చాక మరీ ముడుచుకుపోయాను. అమ్మా నాన్నా ఇన్వర్‌కార్గిల్ అవతల పాల ఫారంలో పనిచేస్తారు. అక్కణ్ణుంచి స్కూలుకి వెళ్ళిరావడం కుదరక నన్ను ఆక్లండ్‌లో, ఫ్లాట్ బుష్‌లో ఉన్న కావ్యశ్రీ పిన్ని ఇంట్లో ఉంచారు. ఆ ఆదివారం టీ కప్పులు తీయడానికి హాల్లోకి వెళ్తే శశిధర్ బాబాయ్ నన్ను ఆపాడు. ఎదురుగా రామమోహన్ అంకుల్ ఉన్నారు. ఇక్కడి తెలుగువాళ్ళ బ్యాండ్ ఆయనది. అందులో పిన్ని గిటారు వాయిస్తుంది. మిగతావాళ్ళంతా మగవాళ్ళే.

"కేబులే నమ్మకం శశీ" అంటున్నారు అంకుల్. "గుచ్చితే పలుకుతుంది, అంతే. వైర్‌లెస్ అంటే ఛార్జింగ్ చూసుకోవాలి, హాల్లో అందరి ఫోన్ల మధ్యా సిగ్నల్ దొరకాలి. నాకెందుకీ టెన్షన్?"

"ఏ కాలంలో ఉన్నావ్ గురూ! స్టేజ్ మీద కాళ్ళకి అడ్డం పడుతూ ఆ తాడేంటి? కుసుమా, నువ్వు చెప్పవే. ఫిజిక్స్ చదువుతున్నావుగా."

అప్పుడన్నాను ఆ మాట. ఇద్దరూ నవ్వారు. "చూశావా, మా పిల్ల ఎంత ప్రాక్టికలో!" అని బాబాయ్ వీపు తట్టాడు. పిన్ని గుమ్మంలో బిస్కట్ల ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. నా వంక చూసింది.

ఫిజిక్స్‌కీ ఆ మాటకీ సంబంధం లేదని నాకు తెలుసు. అన్నది నా కోసమే. పిన్ని గరాజ్‌లో కేబుల్ గుచ్చుకుని కూర్చుందంటే ఇల్లు నా మీద పడేది. కేబుల్ గరాజ్ తలుపు దాకా కూడా రాదు. మధ్యలో లేవాలంటే ముందు ఆంప్లిఫయర్ సౌండ్ తగ్గించాలి, లేకపోతే పీకేటప్పుడు దభీమని మోగి పడుకున్న వాళ్ళ పాప సిరి ఉలిక్కిపడి లేస్తుంది. అందుకని పిన్నిని పిలవడం మానేసి నన్ను పిలవడం బాబాయ్‌కి అలవాటైంది. "కుసుమా, టీ." "కుసుమా, సిరి ఏదో ఒలకబోసింది." ఆయన కూర్చున్న సోఫా నుంచి స్టవ్ కనిపిస్తూనే ఉంటుంది. నా పుస్తకం మాత్రం ఒక్క పేజీ తిరిగేది కాదు. నాకు కోపం వచ్చేది. తీరా చూసుకుంటే ఆ కోపం సోఫా మీద కాదు, మూసిన గరాజ్ తలుపు మీద. నా అన్నం, నా బట్టలు, నా స్కూలు మీటింగులు చూసే మనిషి మీద.

వైర్‌లెస్ వచ్చింది. వేలెడంత ముక్క గిటారుకి, ఇంకోటి ఆంప్‌కి. బాబాయ్ స్వయంగా బిగించి, పిన్నిని ఇల్లంతా నడిపించి వీడియో తీశాడు. ఇండియాలో ఉన్న వాళ్ళమ్మకి పంపాడు. "గిటారు మెళ్ళో వేసుకుంటే గరిటె ఎవరు పట్టుకుంటారే అమ్మాయ్" అని వీడియో కాల్‌లో దెప్పే ఆవిడ, ఆ రోజు మాత్రం "ఇది బాగుంది, ఇప్పుడు రెండూ అవుతాయి" అని సంతోషించింది.

రెండూ అయ్యాయి. పిన్ని మెళ్ళో గిటారుతో పోపు వేసింది. పాట మధ్యలో చపాతీ తిరగేసింది. మైక్రోవేవ్ పెట్టగానే సిగ్నల్ చెదిరి గిటారు మోత గరగరమని తెగిపోయేది, మైక్రోవేవ్ ఆగగానే పిన్ని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. "వైర్ కూడా లేదుగా, ఒక్కసారి ఇలా రా" అన్నది బాబాయ్‌కి ఊతపదమైంది. కొత్త పాటలు నేర్చుకోవడం పిన్ని మానేసింది. తీగలకి నూనె జిడ్డు, ఆవాల వాసన. నేను గది తలుపు వేసుకుని చదువుకున్నాను. ఇంటర్నల్‌లో మంచి గ్రేడ్ వచ్చింది. పిన్ని నా నోట్లో మైసూర్‌పాక్ ముక్క పెట్టి, "మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అంది.

ఒకరోజు గిన్నెలు తుడుస్తూ అడిగాను, "గరాజ్‌లోకి ఎందుకెళ్ళట్లేదు పిన్నీ?"

"ఎందుకెళ్ళాలి? వైర్ గుచ్చుకుంటే నేను ఇంట్లో లేనట్టే లెక్క మీ బాబాయ్‌కి. ఇప్పుడు ఎప్పుడూ ఉన్నట్టే." కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

తర్వాత కమ్యూనిటీ హాల్లో ప్రోగ్రామ్. చివరి పాటలో మొదట గిటారు ఒక్కటే పలకాలి, మిగతావాళ్ళు తర్వాత అందుకోవాలి. పిన్ని ఏళ్ళ తర్వాత అలా ఒంటరిగా వాయించబోతోంది. గుంటూరులో కాలేజీలో వాయించేదట, పెళ్ళితో ఆగిపోయిందట. నేను హాలు వెనక గులాబ్ జామూన్లు కప్పుల్లో వేస్తున్నాను. సిరి ముందు వరసలో బాబాయ్ పక్కన ఉంది.

పిన్ని మొదలుపెట్టింది. వంటింట్లో ముక్కలు ముక్కలుగా విన్నదంతా ఒకే పాట అని నాకు అప్పుడే తెలిసింది. అంతలో ముందు వరసలో బాబాయ్ చెయ్యి లేచింది. స్టేజ్ వైపు చిటికెన వేలు చూపించాడు. పక్కన సిరి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని మెలికలు తిరుగుతోంది. పిన్ని కాదన్నట్టు తల ఊపింది. బాబాయ్ రెండు వేళ్ళతో నడక చూపించాడు. వైర్ లేదుగా, వాయిస్తూనే రా, అని.

నేను పరిగెత్తి సిరిని తీసుకెళ్ళవచ్చు. గరిటె జామూన్ల గిన్నెలో ఉంది, చెయ్యి గరిటె మీద ఉంది. సిరి ఏడుపు మొదలెట్టింది. పిన్ని వాయిస్తూనే మెట్లు దిగింది. సిరి ఆమె కుర్తా పట్టుకుంది. ఇద్దరూ పక్క వరండాలోకి తిరిగారు. గిటారు మోత ఒకసారి తెగింది, మళ్ళీ వచ్చింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఖాళీ స్టేజ్ మీద గాయకుడు మైకు పట్టుకుని దిక్కులు చూశాడు. ఎవరో పకపకా నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. పిన్ని ఆ సమయంలో మెళ్ళో గిటారుతో కూతుర్ని టాయిలెట్ మీద కూర్చోబెడుతోంది.

తిరిగి వస్తూ మోటర్‌వే మీద బాబాయ్ కారు స్పీకర్లో అంకుల్‌తో మాట్లాడాడు. "సిగ్నల్ పోయింది గురూ, నువ్వు ముందే అన్నావ్. అయినా కావ్యకి ఇంట్లో పని ఎక్కువైపోతోంది. జాన్సన్‌విల్‌లో జరిగే తర్వాతి ప్రోగ్రామ్‌కి ఇంకెవరినైనా చూసుకో." ఫోన్ పెట్టేసి పిన్నితో అన్నాడు, "నీకూ కాస్త రెస్ట్. లేడీస్ టాయిలెట్‌లోకి నేనెలా వెళ్తాను చెప్పు?"

ఆ పక్కనే ఎవరైనా వెళ్ళగలిగే పెద్ద టాయిలెట్ ఉంది. జామూన్లు వడ్డించిన చోటు నుంచి దాని బోర్డు నాకు స్పష్టంగా కనిపించింది. సిగ్నల్ దానంతటది పోలేదనీ తెలుసు. వెనక సీట్లో సిరి తల నా ఒళ్ళో ఉంది. టీ కప్పుల రోజున అక్కర్లేని మాట అన్నదాన్ని, అవసరమైన రోజున మాట మింగేశాను.

మర్నాడు స్కూలు నుంచి రాగానే పెరట్లో బట్టలు ఆరేస్తున్న పిన్ని దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆ మాట చదువు కోసం అన్నానని, తలుపు వేసుకున్నానని, నిన్న గరిటె వదల్లేదని. "జాన్సన్‌విల్‌కి నువ్వు వెళ్ళు పిన్నీ. ఇకనుంచి వంట నేను చేస్తాను, సిరిని నేను చూసుకుంటాను, అన్నీ నేను..."

పిన్ని నోట్లో క్లిప్పు తీసి తువ్వాలుకి పెట్టింది. "తెలుసులే. ఆ రోజే తెలిసింది."

"మరి తిట్టలేదేం?"

"నీ వయసులో నేనూ మా అక్క, అదే మీ అమ్మ మీదే అరిచేదాన్ని. మా నాన్న మీద అరవడం ఎవరికి తెలుసు?" ఇంకో క్లిప్పు తీసుకుంది. "నువ్వు వంట చేస్తే ఏమవుతుందే కుసుమా? నా చోట్లోకి నువ్వొస్తావు. మీ బాబాయ్ చోటు అలాగే ఖాళీగా ఉంటుంది. నీ బాధ తీర్చుకోడానికి నా గరిటె లాక్కోకు."

నాకు ఏడుపు వచ్చింది. సాయం చేస్తానంటే వద్దనిపించుకోవడం తిట్టు కంటే ఘోరంగా ఉంది.

"మరి నేనేం చెయ్యాలి?"

"నిన్ను పిలిచినప్పుడు లేవకు. అది చెయ్యగలవేమో చూడు."

తడి చేతులు తుడుచుకుని అక్కడే అంకుల్‌కి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, జాన్సన్‌విల్‌కి నేనే వస్తున్నాను. మా ఆయన చెప్పింది మా ఆయన మాట. నాకు కేబులే పెట్టండి... ఆఁ, పొడుగుది వద్దు. ఉన్నవాటిలో పొట్టిది."

అవతల అంకుల్ పెద్దగా నవ్వడం నాకూ వినిపించింది.

ఈ రోజు శనివారం. భోజనాలయ్యాక పిన్ని పాత కేబుల్ భుజాన వేసుకుని గరాజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి ఆగిపోయిన ఆ పాట మొదటి నుంచి వినిపించింది. నేను నా గదిలో, తలుపు తీసే ఉంచి కూర్చున్నాను. వంటింట్లో ఏదో పడింది.

"కావ్యా!" అన్నాడు బాబాయ్. పాట సాగుతోంది.

"కుసుమా! చూడవే, సిరి పాలన్నీ ఒలకబోసినట్టుంది."

నా పాదాలు అప్పుడే నేల మీద ఆనాయి. కుర్చీ పట్టుకున్నాను. ఆయన నా ఫీజు కట్టే మనిషి, నన్ను ఇంట్లో ఉంచుకున్న మనిషి, సిరి నన్ను అక్కా అని పిలిచే పసిది. ఇవన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. నేను చెడ్డదాన్నని అనిపించింది. ఇంతకుముందు అలా అనిపించిన ప్రతిసారీ లేచి ఏదో ఒక పని చేసేసేదాన్ని.

"డాడీ, ఇట్స్ గోయింగ్ ఎవ్రీవేర్!" అంది సిరి.

"కుసుమా, వినబడటం లేదా?"

"వినబడుతోంది బాబాయ్" అన్నాను, కూర్చునే.