బల్ల మీద నల్లబిళ్ళ

మా మంచు హాకీ లీగులో ప్లేఆఫ్‌కు, అంటే చివరి పోటీలకు, జతలు వాటంతట అవి పడవు. ఎనిమిది జట్లు మిగులుతాయి. పై మూడు జట్లు, మొదటిది ముందుగా, కింది నాలుగింటిలో తమకు కావలసిన జట్టును కోరుకుంటాయి. నాలుగో జట్టుకు మిగిలినది దక్కుతుంది. కోరుకోవడమంటే గౌరవం కాదు. మీరే అందరికన్నా మెత్తన అని పదిమందిలో చెప్పడం.

మేము ఏడోవాళ్లం.

ఎంపిక రోజున గని కార్మికుల హాలులో భోజనాలు. మా గోల్ కీపర్ ఆర్వో నా కూతురి కొడుకు. నేను జట్టువాళ్లు మంచు మీద జారే స్కేట్లకు సాన పడతాను. కిందటి వారం సాధనలో ఆటలో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ వచ్చి వాడి మొహం తొడుగుకు తగిలింది. అప్పటినుంచి వాడికి వెలుతురు పడడం లేదు, ఇంట్లో కూడా టోపీ కళ్ల మీదికి లాక్కుంటున్నాడు. లేసులు కట్టుకోబోయి ముందుకు తూలుతున్నాడు. డాక్టరుకు తెలిస్తే ఆడకుండా ఆపేస్తాడు.

"చెప్పకు తాతా. తగ్గిపోతుందిలే" అన్నాడు. నేను సరే అనలేదు. కాదనీ అనలేదు.

మొదటి జట్టులో లవెర్న్ ఉన్నాడు. వాడు కొట్టిన బిళ్ళకు గోలు వెనక అద్దం పగలడం నేను చూశాను. ఆ దెబ్బ ముందు ఈ తల. అదే నా భయం.

ఎంపికకు ముందు పైజట్లవాళ్లు బల్లల మధ్య తిరుగుతారు. పలకరింపులాగే ఉంటుంది. చూసేది మాత్రం ఎవడు కుంటుతున్నాడు, ఎవడు దగ్గుతున్నాడు అని, సంతలో పశువుల్ని చూసినట్టు. మొదటి జట్టు కెప్టెన్ బ్వావేర్ మా దగ్గర ఆగాడు.

"ఏం పెద్దాయనా, నువ్వు సాన పట్టిన స్కేట్ల మీద మీవాళ్లు నడుస్తున్నారే గాని జారడం లేదటగా?"

"మీ గోలు దాకా నడిచినా చాల్లే" అన్నాను.

"ఏరా ఆర్వో, లోపల కూడా టోపీయేనా? పెళ్ళికూతురిలా మొహం దాచుకుంటున్నావేం?"

"నీ మొహం చూడలేక."

అందరూ నవ్వారు. బ్వావేర్ నవ్వుతూనే బుట్టలోంచి రొట్టె తీసి, "పట్టు" అని విసిరాడు. మెల్లగానే విసిరాడు.

ఆర్వో చెయ్యి లేచి, రొట్టెకు జానెడు పక్కన మూసుకుంది. రొట్టె సూపులో పడింది.

బ్వావేర్ పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం ఆర్వో మీద నిలిచిపోయాయి.

ఎంపికకు ముందుగా వాళ్లనే పిలిచారు. బ్వావేర్ తిన్నగా వచ్చి నల్లబిళ్ళను మా బల్ల మీద పెట్టి వెళ్లాడు, అంటే మమ్మల్నే కోరుకున్నట్టు. మావాళ్లు పౌరుషంగా బల్ల గుద్దారు.

"రానీ, చూసుకుందాం" అన్నాడు కోచ్ మక్రే.

ఆర్వో నా చెవి దగ్గరికి వంగాడు. "రెండు రొట్టెలు కనబడ్డాయి తాతా. లేనిదాన్ని పట్టుకోబోయాను."

"కోచ్" అన్నాను. నేను నోరు విప్పడం అరుదు, అందరూ తిరిగారు. ఆర్వో బల్ల కింద నా మణికట్టు పట్టి నొక్కాడు. ఎముక విరుగుతుందేమో అన్నంత నొక్కాడు.

"వీడి తలకు దెబ్బ తగిలింది. ఒకటి రెండుగా కనబడుతోంది. వీణ్ణి గోల్లో నిలబెట్టకయ్యా."

కోచ్ వాడి టోపీ పైకెత్తాడు. దీపం పడగానే ఆర్వో కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నా చెయ్యి వదిలేశాడు.

"మరి లవెర్న్ ముందు ఎవడు నిలబడతాడు?" అన్నాడు కోచ్, ఎవరినీ అడగనట్టు.

అందరి చూపులూ బల్ల చివరికి పోయాయి. ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్న రెండో గోల్ కీపర్ స్టెఫాన్, నోట్లో రొట్టె నమలడం ఆపాడు.