నీళ్ళు వదిలిన చెయ్యి

మాతో పనిచేసి చనిపోయిన పైడితల్లి పెద్దదినం కాకముందే పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు తెరిచారు. పేలిన బాయిలర్‌ని ఎత్తుకుపోయి, అలాంటిదే ఇంకోటి దింపారు. దీనికీ పచ్చరంగే. దీనికీ కొబ్బరికాయ కొట్టారు. గోడకు కొత్తగా సున్నం వేసినా మసి మరక మళ్ళీ పైకి తేలింది. మేం అటు చూడకుండా లోపలికి నడిచాం.

మేం జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళం. పిక్కల్లోంచి కారే నూనె చర్మాన్ని ఒలిచేస్తుంది. అందుకే పనిలో కూర్చునే ముందు చేతులకు బూడిద రాసుకుంటాం. వరసలో పైడితల్లి పీట ఖాళీగా ఉంది. పక్కనే కొబ్బరిచిప్పలో ఆమె చేతులకు రాసుకునే బూడిద. అందులో ఆమె వేళ్ళ గుర్తులు ఇంకా చెరగలేదు.

ఇదివరకు పిక్కల్ని డ్రమ్ముల్లో కాల్చేవాళ్ళం. ఆ పొగ మా ఊపిరి తినేసింది. డ్రమ్ము అంటుకుంటే నీళ్ళు కుమ్మరించడం పైడితల్లి పని. మంట లేస్తే అందరం వెనక్కి పారిపోయేవాళ్ళం, ఆమె ముందుకు పరిగెత్తేది. పోయినేడు యజమాని జయకృష్ణ డ్రమ్ములు తీయించి, పొగలేని ఆవిరి బాయిలర్ పెట్టించాడు. మాకంటే సంతోషించినవాళ్ళు లేరు. అయితే దాన్ని చూసుకోవడానికి ఆపరేటర్ని మాత్రం పెట్టలేదు. "బటన్ నొక్కితే సాలు" అన్నాడు మేనేజర్. మాకు నేర్పింది అంతే.

ఆ రోజు బాయిలర్లో నీళ్ళు ఇంకిపోయి దాని ఒళ్ళంతా ఎర్రబడింది. పైడితల్లి తన జన్మంతా చేసిన పనే చేసింది. పరిగెత్తి నీళ్ళ వాల్వు తిప్పింది. ఎండిన బాయిలర్లో చన్నీళ్ళు పడితే పేలుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? ఇప్పుడు ఎక్కడైనా ఆవిరి బుస్సుమంటే మా చేతులు ఆగిపోతున్నాయి.

గేటు తెరిచిన పొద్దున్నే జయకృష్ణ వచ్చాడు. "మధ్యాహ్నం ఆఫీసరు విచారణకొస్తాడు. తాకకూడనిది తాకింది, తప్పు పైడితల్లిదే అని చెప్పండి. లేదంటే ఫ్యాక్టరీకి తాళం పడుద్ది" అని వెళ్ళిపోయాడు.

"సచ్చిపోయినోలికి మాటొత్తే ఏటవుద్ది? బతికున్నోలం తినాల గదా" అంది రోజా.

"రేపు ఆ బాయిలర్ కాడ నిలబడీది ఎవులే? నువ్వే గదా!" అని లేచింది ముసలి గౌరీశ్వరి.

"అయితే పాత డ్రమ్ములే ఎట్టమందాం" అంది రోజా.

"పొగ తిని సావాల, నేదంటే పేలి సావాల. మనకి ఈ రెండేనేటి? మిసను మంచిదే. నేర్పనోడే సెడ్డోడు."

పైడితల్లి కూతురు ధరణి తల్లి చిప్ప ఒళ్ళో పెట్టుకుని అంది: "మాయమ్మ తెలీక సేసినాది. తెలీకుండా ఉంచినోడు ఎవుడు?"

రోజా తల వంచుకుంది.

ఆఫీసరు వచ్చాడు. పక్కనే జయకృష్ణ. "నీళ్ళు వదిలింది పైడితల్లేనా?" అని అడిగాడు ఆఫీసరు.

"అవును బాబూ" అంది గౌరీశ్వరి. జయకృష్ణ మొహం తేటపడింది. "ఆ సోట నానున్నా నీళ్ళే ఒదులుదును" అని మాట పూర్తి చేసింది గౌరీశ్వరి.

రోజా లేచింది. "నానూ ఒదులుదును." వరసంతా లేచింది. ఒక్కొక్క గొంతూ అదే మాట.

గౌరీశ్వరి జయకృష్ణకు దారి ఇచ్చింది. "బటన్ నొక్కితే సాలన్నారు గదా. రండి. మీరే నొక్కి, పైడితల్లి నిలబడ్డ సోట నిలబడండి."

జయకృష్ణ బాయిలర్ వైపు చూశాడు. ఆఫీసరు జయకృష్ణ వైపు చూశాడు. యజమాని ఒక్క అడుగు వెయ్యలేదు.

మాకు కావలసిన సాక్ష్యం దొరికింది. కుళాయి దగ్గర చేతుల బూడిద కడిగేసుకున్నాం. మా వాడలో అలా కడుక్కుంటే పని ఆగినట్టే. ఆపరేటర్ వచ్చేదాకా, పని నేర్పేదాకా, తప్పు పైడితల్లిది కాదని రాసేదాకా ఆ బూడిద ముట్టమని గేటు ముందు కూర్చున్నాం. మధ్యలో ఆమెకు చోటు వదిలి, ఆ చిప్ప అక్కడ పెట్టింది ధరణి.

కబురు ఎలా పాకిందో గానీ, ఎండ వాలేసరికి పక్క ఫ్యాక్టరీల ఆడవాళ్ళు తడి చేతులతో వచ్చారు. వాళ్ళవీ పచ్చరంగు బాయిలర్లే. ఎవరో ముఖం తెలియనామె చిప్పను ఒళ్ళోకి తీసుకుని ఆ ఖాళీలో కూర్చుంది.

"మాకూ ఎవులూ నేర్పనేదు" అంది.