రాణుల పెట్టె

పొద్దున పొయ్యి ముట్టించేదానికంటే ముందు గోవిందమ్మ పెట్టెలు తెరిచేది. తోలుబొమ్మలాడించే ఇంట్లో అది కసువూడ్చినంత మామూలు పని. తెర మీద చేసిన యుద్ధం చాలనట్టు బొమ్మలు పెట్టెలో కూడా కొట్టుకుంటాయి కదా. మొగోళ్ళ పెట్టె తెరిస్తే భీముడి చెవి ఊడి ఉంటుంది, రావణుడి తలల్లో రెండు వేలాడుతుంటాయి. గోవిందమ్మ సూది పట్టుకుని అన్నీ అతికేది. ఎట్లాంటి కుట్టనుకున్నారు? భూతద్దం పెట్టి వెతికినా అతుకు దొరకదు. తరాలుగా పట్టుచీరలు నేసిన ధర్మవరం వాళ్ళే మగ్గం దిగి వచ్చి ఆ కుట్టుకు దండం పెట్టి పోయినారు.

రెండో పెట్టె రాణులది. సీత, ద్రౌపది, అంబ, గాంధారి, దమయంతి. వీళ్ళు ఒకరినొకరు గీరుకున్న పాపాన పోలేదు. కాకపోతే తెల్లారేసరికి తోళ్ళు తడిసి మెత్తబడి ఉంటాయి. యుగాల ఏడుపు మరి. వాళ్ళను దండెం మీద ఆరేసినాకే గోవిందమ్మ కాఫీ తాగేది. రెండు పెట్టెలూ ఎన్నడూ ఒకటి చేయొద్దని ఆమె మామగారు నల్లప్ప ప్రాణం పోయేటప్పుడు మంచినీళ్ళైనా అడక్కుండా ఆ ఒక్కమాటే చెప్పి పోయినాడు.

ఇక మొగుడు తిరుపాల్. దుశ్శాసనుణ్ణి ఆడించేదానికి జిల్లా మొత్తం మీద అతనే. పెనుకొండలో కేక వేస్తే ముదిగుబ్బలో గొర్రెలు మేత మరిచేవి. ఆట ముగిసిందనే సంగతి మాత్రం ఆ చెయ్యికి తెలిసేది కాదు. ఇంటికొచ్చినా అది జుట్టే వెతికేది. తెర వెనక ద్రౌపదికి గొంతు గోవిందమ్మది. ఆయమ్మ అంత బాగా ఎట్లా ఏడుస్తాదబ్బా అని పైవూరి వాళ్ళు అడిగేవాళ్ళు. వీధిలో వాళ్ళు అడిగేవాళ్ళు కాదు.

ఆ శుక్రవారం హిందూపురంలో ఆట, మర్నాడు బెంగుళూరు ప్రయాణం. ఆడ ఒక హోటలు వాళ్ళకు పాత తోలుతో ల్యాంప్‌షేడ్లు కావాలంట. తిరుపాల్ రాణులనే ఎంచినాడు. మొగబొమ్మలుంటే ఆట ఎట్లైనా గడుస్తుందని అతని లెక్క. గుండ్రంగా కోసి లోపల బల్బు పెడితే సీత మొహం భలే ఎర్రగా వెలుగుతుందని గురువారం సాయంత్రం ఉలి నూరుకుంటూ చెప్పినాడు.

"ఆయమ్మ ఒకసారి నిప్పుల్లో దూకింది చాలదా మామా?" అనింది గోవిందమ్మ.

తిరుపాల్ ఉలి కింద పెట్టినాడు. ఆమె జుట్టు చేతికి చుట్టుకుని తలను గడపకేసి కొట్టినాడు. ఒక పన్ను ఎగిరి వాకిట్లో పడింది. రేపు ఆటకు అవసరమని గొంతు జోలికి మాత్రం పోలేదు. పనంటే అంత భక్తి. రాణులు పోయినాక నీ గొంతుతో కూడా పనిలేదని, పుట్టింటి దావ చూసుకోమని చెప్పి మళ్ళీ ఉలి అందుకున్నాడు.

తెల్లారి వచ్చిన ఆటోలో ఒక పెట్టెకే చోటుంది. తిరుపాల్ రాణులను గంపలో కసువు మాదిరి ఎత్తి మొగోళ్ళ పెట్టెలో కుక్కినాడు. ద్రౌపది పోయి దుశ్శాసనుడి మీద, మొహానికి మొహం పడింది. గోవిందమ్మ వద్దనబోయింది. అతను చెయ్యెత్తినాడు. ఆమె ఆటో ఎక్కింది.

ప్యాసింజరు బండి ధర్మవరం దాటీ దాటకముందే సీటు కింద పెట్టె ఎగరడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకుని బొరుగులు తింటున్నారు. పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోతున్న పుల్లమ్మ అనే ముసలామె ఎదురుసీటులోంచి వంగి చెవి ఒగ్గింది.

"ఆడోళ్ళనూ మొగోళ్ళనూ ఒకే పెట్టెలో పెట్టినావా అప్పా?"

"పెట్టినా. ఏం?"

"ఏం లేదు. ఎవురో ఒగరు తగ్గిపోతారు, అంతే."

లోపల ఎముకలు విరుగుతున్న చప్పుడు. తోలుబొమ్మకు ఎముకలేంటని అడక్కండి, ఆ పూట ఉన్నాయి. మూత సందులోంచి వెచ్చటి నెత్తురు కారి పుల్లమ్మ సంచి దాకా వచ్చింది. ఆమె సంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

పెనుకొండలో బండి ఆగింది. దుశ్శాసనుణ్ణి బయటికి లాగుదామని తిరుపాల్ తిట్టుకుంటూ కుడిచెయ్యి మోచేతి దాకా పెట్టెలోకి దూర్చినాడు. వేల ఆటల్లో తమ జుట్టు పట్టిన చెయ్యి ఏదో రాణులకు చీకట్లో కూడా తెలుసు. అతను అరిచిన అరుపుకు కొండమీద కోటగోడలు అదిరినాయి. గుడిబండలో కుక్కలు గంటసేపు మొరిగినాయి.

బయటికొచ్చిన చెయ్యికి గాయం లేదు. మోచేతి కింద అంతా మేకతోలు. పలచగా, ఎర్రరంగు పూసి, అంచుల్లో పూలు చెక్కి, కిటికీ ఎండ ఇవతల పడితే అవతల కనబడేట్టు ఉంది. మణికట్టు కాడ కర్ర కట్టే బెజ్జం కూడా ఉంది. పెట్టెలో దుశ్శాసనుడు పదహారు ముక్కలై పడున్నాడు. ద్రౌపదికి విరబోసినట్టు చెక్కిన జుట్టు ముడిపడి ఉంది. గాంధారి గంతలు విప్పుకుని చూస్తోంది.

పుల్లమ్మ బొరుగుల పొట్లం చాపింది. తిరుపాల్ అందుకోబోయినాడు. చెయ్యి ఒళ్ళో నుంచి లేవలేదు.

"కుట్టు," అన్నాడు పెళ్ళాంతో. "బాగు చెయ్యి."

గోవిందమ్మ ఆ చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసింది. "చినిగుంటే కుట్టేదాన్ని మామా. ఇది బాగుండాది."

ఉలి పట్టేవాడు లేక బెంగుళూరు ప్రయాణం ఆగిపోయింది. ఆట ఆగలేదు. పొద్దు గూకేసరికి హిందూపురం జనం వస్త్రాపహరణం కోసం కూర్చోని ఉన్నారు. దుశ్శాసనుడి బొమ్మ లేదు. గోవిందమ్మ మొగుణ్ణి తెర వెనక కూర్చోబెట్టి, అతని మణికట్టు బెజ్జంలో వెదురుకర్ర కట్టి, ఆ చెయ్యినే తెరకు ఆనించింది. దాని నీడ తెర చాలక పక్క మిద్దె గోడ మీదికి పాకింది.

తిరుపాల్ దుశ్శాసనుడి మాటలు గర్జించినాడు. చెయ్యి ద్రౌపది కొంగు దాకా పోయి ఆగింది. కర్ర గోవిందమ్మ పిడికిట్లో ఉంది. అతను మళ్ళీ గర్జించినాడు. మూడోసారికి గొంతు జీరబోయి, "ఆడించు మే," అని గొణిగినాడు. మైకు దాన్ని కూడా వినిపించింది. జనంలో ఎవరూ నవ్వలేదు.

గోవిందమ్మ కర్ర దించింది. చెయ్యి తెర మీద నుంచి నేలకు జారింది.

ఆ పూట కృష్ణుణ్ణి పెట్టెలోంచి తీసే పనే పడలేదు.