పదిహేడో నంబరు చిట్టీ

ఈదమ్మ కలుపు తీస్తూ తీస్తూ పల్లిచేలో బోర్లా పడింది. శనివారం, పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. ఎవరూ తోయలేదు, పురుగూ పుట్రా ముట్టలేదు. పీకిన గడ్డి చేతిలో అట్లాగే ఉంది, మనిషి మాత్రం సాలు మధ్యలో నేల కరుచుకుని ఉంది. నిండా ముప్పై ఏళ్లు లేవు. మూడేళ్ల కింద ఇదే చేలో పల్లీల బస్తా ఒంటిగా ఎత్తి బండిలో వేసిన మనిషి.

చేను ఆసామి వెంకట్రాములు గట్టు మీద గొడుగు కింద నుంచే చూశాడు.

"ఈమెకు సగం కైకిలే ఇస్త," అన్నాడు. "పండుకున్నోళ్లకు గూడ పైసలిచ్చుకుంట పోతె నేను బొంబాయి వలస పోవాలె."

పదిమంది ఆడవాళ్లు సాళ్లు వదిలి పరుగెత్తుకొచ్చారు. అప్పుడే బండ్లబాట మీద మోపెడ్ ఆపి, తోలుపెట్టె చంకలో పెట్టుకుని రామచంద్రయ్య దిగాడు.

కొత్తకోట పక్కన గువ్వలకుంటకూ, చుట్టూ నాలుగూళ్లకూ రామచంద్రయ్యే దవాఖాన. చదివింది పదో తరగతి, అదీ రెండుసార్లు. కర్నూలులో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండి సూదిమందు వేయడం నేర్చుకుని, పాతికేళ్ల కింద ఊరికొచ్చి ఆరెంపీ అయ్యాడు. ఆయన మందు కన్నా ఆయన కథకు గుణమెక్కువ. బీచుపల్లి కాడ పుట్టి పడవెక్కి కృష్ణ దాటి ఒక పెద్దపులి తన దగ్గర సూది వేయించుకోడానికొచ్చిందనీ, వరసలో వెనకున్న ముసలమ్మను చూసి "నువ్వు ముందుగాల పో అవ్వా, నాకేం తొందర లేదు" అందనీ చెప్పేవాడు. కథలో పులి తోక ఎత్తేసరికి ఇక్కడ రోగికి సూది దిగి, మందు ఎక్కి, దూది కూడా అద్దేసి ఉండేది. ఆ పులి తర్వాత ఏమైందో వినడానికి గువ్వలకుంట పిల్లలు జ్వరం రమ్మని మొక్కుకునేవాళ్లంటే మీరు నమ్మకపోవచ్చు.

ఆరోజు పులి రాలేదు. రామచంద్రయ్య ఈదమ్మ చెయ్యి పట్టి చూశాడు. పెనంలా కాలుతోంది, కానీ జ్వరం కాదు. ఆ వేడి ఎక్కడిదో ఆయనకు తెలుసు. గర్భసంచి తీసేస్తే వయసు రాకముందే వచ్చే ఆవిర్లు అవి. ఆమెను ఆ ఆపరేషనుకు వనపర్తి పంపింది తనే.

"రక్తం తక్కువున్నది," అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా. "బెల్లం, పల్లీలు తినుమనుండ్రి."

"పల్లిచేల పడ్డదానికి పల్లీలే మందా సారూ," అంది గుంపు మేస్త్రి వెంకటమ్మ. "అవి ఆసామి పల్లీలు. ఒక్కటి నోట్ల ఏసుకుంటె మిగిలిన సగం కైకిలి గూడ పోతది."

ఈదమ్మను లేపి కూర్చోబెట్టి, "ఈమెకు గట్టు సాలు ఇయ్యుండ్రి" అంది.

ఆ గుంపుకు ఒక కట్టుబాటు ఉంది. బాలింతకో, కడుపు కోయించుకున్న మనిషికో గట్టు పక్క సాలు ఇస్తారు. నడుము పట్టేస్తే గట్టు మీద కాసేపు కూర్చోవచ్చు. పక్క సాలు మనిషి ఆమె గడ్డి కూడా అందుకుంటుంది.

"ఇటు గట్టు నేనున్న కదక్కా," అంది ఒకామె.

"అటు సత్తెమ్మ ఉన్నది."

"నాకు గూడ వంగొస్తలేదు. రేపు నాకు కావాలె."

"నేను నిన్ననే అడుగుదామనుకున్న. సిగ్గై ఊకున్న."

వెంకటమ్మ వేళ్లు ముడుస్తూ పోయింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికొచ్చింది. గుంపు మొత్తం పదకొండు మంది.

"చేనుకు గట్లు రెండే," అంది నిదానంగా. "గట్టు సాలు అడిగేటోళ్లు ఏడుగురు. మూడేండ్లల్ల ఏడుగురికి సంచి తీసేసిండ్రు. రోగం మనకొచ్చిందా, వనపర్తి దవాఖానకొచ్చిందా?"

ఆ మాటకు ఆడవాళ్లందరూ ఒక్కసారే రామచంద్రయ్య వైపు చూశారు. అందరికీ చిట్టీలు రాసిన చెయ్యి ఆయనదే. మోపెడ్ మూడు తన్నులకు గానీ అందుకోలేదు. దారి పొడవునా ఆయనకు ఒకటే గుర్తొచ్చింది. పొద్దున్నే ఇంకో చిట్టీ రాశాడు. ధనలక్ష్మికి. ఇరవై నాలుగేళ్లు, ఒక్క బిడ్డ, మొగుడు బొంబాయిలో మట్టిపనిలో ఉన్నాడు. పొత్తికడుపులో నొప్పి అని వస్తే, "ఇప్పుడు తీపియ్యకుంటె క్యాన్సర్ అయితది" అని ఆమె అత్తకు చెప్పాడు. ఆ మాట ఆయనది కాదు, వనపర్తి నర్సింగ్ హోము నేర్పింది. ఆపరేషను సోమవారం పది గంటలకు.

*

ఆదివారం ప్రార్థనయ్యాక మాదిగవాడ చర్చి ముందర అందరూ కూర్చున్నారు. సింధూజ ఆ వాడ పిల్లే. వనపర్తిలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ విద్యార్థి సంఘంలో తిరుగుతుంటుంది. ఏడిళ్లలో మేకులకు తగిలించిన దవాఖాన కవర్లన్నీ తెచ్చి చాప మీద పరిచింది.

"ఏడు స్కానింగ్ కాయిదాలు. ఏడింట్ల గడ్డ కొలత ఒకటే, మూడున్నర సెంటీమీటర్లు," అంది. "కుమ్మరాయన చేసిన కుండలకు గూడ గింత సరిగ్గ కొలత కుదరదు. ఇగ ఈ చిట్టీలు చూడుండ్రి. అన్నింటి మీద మూలకు పదిహేడు."

"అది తగ్గింపు నంబరు బిడ్డా," అంది సత్తెమ్మ. "సారు చిట్టీ చూపిస్తె మనకు తగ్గిస్తరు. నేను తడవకుండ పసుపు డబ్బల పెట్టుకోని పోయిన."

అందరూ తలలూపారు. ఆ చిట్టీని అందరూ అట్లాగే కాపాడుకుంటూ పోయారు, దేవుడి పటం మోసుకుపోయినట్టు.

వెంకటమ్మ మనిషిని పంపితే రామచంద్రయ్య వచ్చాడు. రాకుండా కొత్తకోట బస్సెక్కి పోవచ్చు. బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాడు కూడా. వచ్చాక అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"మీకు బీచుపల్లి పులి సంగతి చెప్పిన్నా? అది మల్ల మొన్న..."

ఒక్కరూ నవ్వలేదు. పాతికేళ్లలో ఆయన కథ మధ్యలో ఆగడం అదే మొదలు.

"పదిహేడు ఎవరు సారూ," అంది వెంకటమ్మ.

రామచంద్రయ్య చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

"నేనే," అన్నాడు. "దవాఖాన బుక్కుల నా నంబరు అది. ఆ చిట్టీ ఇచ్చింది మీకు తగ్గియ్యనీకి కాదు, నాకు ఇయ్యనీకి. బిల్లుల వందకు ముప్పై. నంబరు చూసి నెల కాంగనే లెక్క కట్టి కవరు పంపిస్తరు. నా ఇంట్ల ఫ్రిజ్ గూడ వాళ్లు ఇచ్చిందే."

"మా సంచులు నిజంగ చెడిపోయినయా?"

"నాకు తెల్వదు. తెల్సుకోవాలని అడగలె. అడిగితె కవరు ఆగుతది."

ఈదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అక్కడి నుంచే అంది.

"నాకు ఐదు వందలు తగ్గిచ్చినవని కోడిపెట్ట తెచ్చి ఇస్తి."

"తెచ్చినవమ్మా."

"తిన్నవా?"

"తిన్న."

దానికన్నా నాలుగు తన్నులు తిన్నా బాగుండుననిపించింది ఆయనకు. తన్నడానికి మనుషులు లేచారు కూడా. వెంకటమ్మ అడ్డం నిలబడింది.

"కొడ్తె మూతి వాస్తది. సాక్ష్యం చెప్పనీకి ఆ మూతి మనకు కావాలె."

"ధనలక్ష్మి ఆ దవాఖానల్నే ఉన్నది," అన్నాడు రామచంద్రయ్య. "పొద్దుగాల్నే పోయి పండుకున్నది. రేపు పది గంటలకు. అది గూడ నా చిట్టీయే."



"పోయి తోలుకొద్దాం," అన్నారెవరో.

"అత్త రానియ్యది. క్యాన్సర్ అని ఈయనే చెప్పిండు కద. మనం చెప్తె నమ్మరు," అంది సింధూజ. "ఈయన చెప్పాలె. ఇంట్ల కూసోని కాదు, నలుగురు వింటుండంగ దవాఖాన ముందల చెప్పాలె. అక్కడ కూసున్నోళ్లందరు ఏదో ఒక నంబరు చిట్టీ పట్టుకోనే వచ్చింటరు."

"చాటింపు ఏద్దాం," అన్నాడు నర్సింహులు. ఊళ్లో పోలియో చుక్కలకూ, గ్రామసభకూ డప్పు కొట్టేది ఆయనే. "దరువు నేనేస్త. మాట సారు చెప్తడు. లేదు, డప్పు గూడ సారు మెడలనే ఏస్తె మంచిగుంటది."

రామచంద్రయ్య మొహం మాడిపోయింది. "డప్పా," అన్నాడు. "నేనా? ఊరోళ్లు చూస్తె ఏమనుకుంటరు. జర నా ఇజ్జత్ చూడు నర్సింహులూ."

నర్సింహులు కోపం తెచ్చుకోలేదు. అదే రామచంద్రయ్యకు తగిలింది.

"కమిషన్ తిన్ననని చెప్తున్నప్పుడు వంగని మెడ, డప్పు అంటె వంగుతుందా సారూ. మా తాతల కాడికెంచి కొడ్తున్నం. దీంట్ల సిగ్గేం లేదు. సిగ్గు నువ్వు వేరే కాడ పెట్టుకోని, ఈడ ఎతుకుతున్నవు."

తను ఆ వాడలో పుట్టినవాణ్ణి కానని పాతికేళ్లుగా ఆయన ఆ ఇళ్లలో మంచినీళ్లు కూడా తాగలేదు. కోడిని మాత్రం తీసుకున్నాడు. అది అప్పుడు తట్టింది. చెయ్యి చాపి డప్పు అందుకున్నాడు.

*

సోమవారం మొదటి బస్సు వాళ్లతోనే నిండింది. చాలనివాళ్లు ట్రాలీ ఆటోలో వచ్చారు. దారిలో రెండూళ్ల కైకిలి గుంపులు సంగతి విని చేలకు పోకుండా ఎక్కాయి. ఏడో నంబరు హైవే మీద డాబాల వాళ్లు ఇది ఏ పార్టీ మీటింగని అడిగారు. "సంచి పోయినోళ్ల పార్టీ," అంది వెంకటమ్మ.

మూడంతస్తుల నర్సింగ్ హోము ముందర తొమ్మిదిన్నరకు డప్పు మోగింది. దరువు తప్పుతోంది. డప్పు రామచంద్రయ్య మెడలో ఉంది. పక్కనుంచి నర్సింహులు "మెల్లగ, మెల్లగ" అంటున్నాడు.

లోపల్నుంచి శ్రవణ్ కుమార్ పరుగెత్తుకొచ్చాడు. మోటారు సైకిల్ మీద ఊరూరా తిరిగి ఆరెంపీలకు కవర్లు పంచే మనిషి.

"ఏంది మామా గిది, తాగినవా?" అని భుజం మీద చెయ్యేసి పక్కకు లాగాడు. "లోపలికి రా, మాట్లాడుకుందం. నీకు సర్టిఫికెట్ లేదన్నది యాది ఉన్నదా? నోరు తెరిస్తె ముందుగాల లోపలేసేది నిన్నే."

"యాది ఉన్నది," అన్నాడు రామచంద్రయ్య. భుజం విడిపించుకున్నాడు. పులిని కృష్ణ దాటించిన గొంతు పీలగా వచ్చింది.

"వినుండ్రి. నేను గువ్వలకుంట ఆరెంపీని. ఈ దవాఖానల నా నంబరు పదిహేడు. మనిషికి ఇంత అని మిమ్మల్ని అమ్మిన. నా చిట్టీతోని వచ్చినోళ్లకు తగ్గింపు లేదు, నా పైసలు మీ బిల్లులనే కలిపిండ్రు. క్యాన్సర్ అయితదని నేను చెప్పింది నాకు తెల్వక చెప్పిన. ధనలక్ష్మీ, వింటున్నవా బిడ్డా. నీకు క్యాన్సర్ ఉన్నదని ఎవరు చూడలె. ఇంకో డాక్టర్‌కు చూపెట్టుకో. లేచి రా."

మళ్లీ డప్పు. మళ్లీ అదే మాట. మూడోసారికి వరండాలో కూర్చున్న ఒక ముసలాయన తన ఫైలు విప్పి చిట్టీ బయటికి తీశాడు.

"మా దాని మీద ఇరవై రెండున్నది. ఎవరది?"

"మాది తొమ్మిది."

"మాది గూడ తొమ్మిదే. మాది పెబ్బేరు తట్టు."

చిట్టీలు గాల్లోకి లేచాయి. శ్రవణ్ కుమార్ ఒకటి లాక్కోబోతే ఒక బాలింత దాన్ని జాకెట్లో దోపుకుంది. మెట్ల మీద ధనలక్ష్మి కనబడింది. ఆకుపచ్చ గౌను, చేతికి సెలైన్ సూది, వెనక అత్త. సూది ఊడకుండా ఇంకో చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. ఈదమ్మ ఎదురుపోయి తన కొంగు ఆమె భుజాల మీద కప్పింది.

చౌరస్తా కాలేజీ పిల్లలు గేటు దగ్గర చేరారు. సింధూజ గోడెక్కి నిలబడింది.

"చౌక దుకాణంల బియ్యం ధర బోర్డు మీద రాస్తరు. ఈ డాక్టర్లు ఏ ఆరెంపీకి ఎంతిస్తుండ్రో, మందుల కంపెనీలు ఈ డాక్టర్లకు ఏమిస్తున్నయో గేటు మీద బోర్డు రాయాలె. మా ఒంటి మీద కత్తి పెట్టేముందు మేం అది చదువుకోవాలె. చదువు రానోళ్లకు డప్పు కొట్టి చెప్పాలె."

పోలీసు జీపు వచ్చింది. ఎస్సై లోపలికి పోయి డాక్టరుతో మాట్లాడి పది నిమిషాలకు బయటికొచ్చి, రామచంద్రయ్య రెక్క పట్టుకున్నాడు. సర్టిఫికెట్ లేకుండా వైద్యం చేసినందుకు. రామచంద్రయ్య డప్పు తీసి నర్సింహులుకిచ్చి జీపెక్కాడు. అందులో తప్పేమీ లేదనే అనిపించింది ఆయనకు.

జీపు కదలలేదు. ముందు చక్రం కాడ ఈదమ్మ కూర్చుంది. పక్కన సత్తెమ్మ, వెంకటమ్మ, ధనలక్ష్మి. వాళ్ల వెనక మూడూళ్ల గుంపులు, కాలేజీ పిల్లలు.

రామచంద్రయ్యకు కళ్లు నిండాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, "లే ఈదమ్మా," అన్నాడు. "నా కోసం నువ్వు ఎండల కూసుంటె నేను ఇంక తట్టుకోలేను."

ఈదమ్మ అతని వైపు చూడనైనా లేదు.

"నీ కోసమని ఎవరు చెప్పిండ్రు," అంది. "నువ్వు పోవాల్సిందే. ఒక్కనివే ఎందుకు పోవాలె అని కూసున్నం. సారూ, ఎస్సై సారూ. ముప్పై తిన్నోన్ని ఎక్కిచ్చినవు. డెబ్బై తిన్నోళ్లు పైన పరదా ఎనక ఉన్నరు. జీపుల ఇంక జాగ ఉన్నది."

"డాక్టర్ మీద కంప్లైంట్ ఎవరిచ్చిండ్రు?" అన్నాడు ఎస్సై.

ఏడు చేతులు లేచాయి, ఏడు దవాఖాన కవర్లతో. వాటి వెనక ఇరవై రెండో నంబరు లేచింది. తొమ్మిదో నంబరు లేచింది. లెక్క పెట్టడానికి ఎస్సై టోపీ వెనక్కి తోసుకున్నాడు. నర్సింహులు దరువు మొదలుపెట్టాడు. ఈసారి తప్పలేదు.

రామచంద్రయ్య కళ్లు తుడుచుకుని, బెంచీ మీద ఆ చివరకు జరిగాడు, ఇంకో ఇద్దరు పట్టేంతగా.