ముట్టు

ఇంట్లో ఉన్న ఒక్క టేబులూ అఖిలేష్ మీటింగులకి పోయింది. కూతురు రుచిత బడి ఇస్త్రీబల్ల మీద. ఊర్మిళ జర్మన్ క్లాసు మాత్రం స్టవ్ పక్కన, ఫోన్‌లో, కుక్కర్ కూతల మధ్య. లాక్‌డౌన్ వచ్చాక జర్మనీలో, ఎష్‌బోర్న్‌లోని ఆ రెండు గదుల్లో ఎవరి చోటు ఏదో ఎవరూ అడక్కుండానే తేలిపోయింది.

ఆ పొద్దున రుచిత పెద్దమనిషైంది. కబురు తెలిసిన వెంటనే కాకినాడ నుంచి అత్తగారు భానుమతి వీడియో కాల్‌లోకి వచ్చేశారు.

"పిల్లకి ముట్టు కదా, ఓ మూల చాపేసి కూర్చోబెట్టమ్మా. కంచం, గ్లాసు వేరు. దేన్నీ ముట్టుకోనివ్వకు."

అఖిలేష్ మైకు మ్యూట్ చేసి, "నాలుగు రోజులేగా, అమ్మ మాట కాదనకు" అని మళ్లీ మీటింగులో దూరాడు. ఆ నాలుగు రోజులు ఎలా ఉంటాయో ఆయనకేం తెలుసు? పదమూడేళ్లప్పుడు ఇలాగే వసారాలో కూర్చున్న ఊర్మిళకి తమ్ముడు పొరపాటున తగిలితే, వాడికి తలంటి స్నానం చేయించారు. తన ఒంట్లో ఏం కుళ్లిందోనని ఎంత ఏడ్చిందో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా అలవాటు పాడుగాను, చాప లేదని యోగా మ్యాట్ తీసి మూల పరిచింది.

"మామీ, మధ్యాహ్నం క్లాసులో నా రెఫరాట్, ప్రెజెంటేషన్ ఉంది. ఒకసారి వింటావా?" అంది రుచిత, అమ్మని జర్మన్ పిల్లల్లా పిలుస్తూ.

"చెప్పు."

"అమెరికా ఆదివాసుల్లో యావపాయ్ తెగవాళ్లు వేరు, అపాచీలు వేరు. సైన్యానికి తేడా తెలీక అందరినీ అపాచీలే అనేసింది. 1875లో చలికాలంలో ఇద్దర్నీ వాళ్ల నేల మీంచి కొండలెంట నడిపించి వెళ్లగొట్టారు. దారిలో చాలామంది పోయారు. తర్వాత వాళ్ల పండగలు కూడా గవర్నమెంట్ వద్దంది. అయినా అపాచీలు ఒకటి వదల్లేదు. ఆడపిల్ల పెద్దదైతే నాలుగు రోజుల పండగ. అప్పుడా పిల్ల చేతిలో మందుంటుందట, ఒంట్లో బాలేనివాళ్లు వచ్చి నిలబడతారట, తను ముట్టుకుంటే నయమవుతుందని."

రుచిత ఆగి మ్యాట్ వైపు చూసింది. "మామీ, నానమ్మ నాకు ముట్టు అంది కదా. ముట్టు అంటే ముట్టుకోకూడదనా?"

ఫోన్‌లో అత్తగారు "చాప వేశావా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఊర్మిళ స్టవ్ కట్టేసి, కూతురి ముందు నేల మీద కూర్చుని తల వంచింది.

"పొద్దుట్నుంచీ ఒకటే తలనొప్పి. ముట్టుకో" అంది.