గార్డుకు కట్టిన పసుపుదారం

రెండు వేల ఇరవై ఐదు, అక్టోబరు ఒకటి. ఆయుధపూజ. ఆ రోజు చూలై పేటలో మా బావమరిది వెంకటపతి షాపులో బెల్లం కలిపిన బొరుగులు, కొబ్బరి వేసిన శనగల సుండల్ తిన్నాను. చెట్లు కోసే చైన్ రంపాలు అద్దెకిచ్చే షాపు అది. నా భార్య పోయాక సాయంత్రాలు అక్కడే కూర్చుంటున్నాను. వెంకటపతి భార్య భువనేశ్వరి నాకోసం ఉప్పు తగ్గించి సుండల్ విడిగా తీసి ఉంచుతుంది.

పూజలో ఆమె ప్రతి రంపానికీ పసుపుదారం కట్టింది. పెద్ద రంపానికి మాత్రం పైపిడినీ, దాని ముందుండే గార్డునూ కలిపి ముడేసింది. రంపం వెనక్కి ఎగిరితే ఆ గార్డు ముందుకు వాలాలి. అప్పుడే చైను ఆగుతుంది. మిషన్‌తో వచ్చిన పుస్తకం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ముడి చూశాను. పూజలో వంక పెట్టడమెందుకని సుండల్ నములుతూ ఊరుకున్నాను.

పది రోజులకు మాధవరంలో గాలివానకు చెట్టు పడింది. కోతపని చేసే గోవిందన్ పెద్ద రంపం తీసుకుంటూ, "ఈ దారం తియ్యొచ్చా అన్నా?" అని అడిగాడట. "పూజదారం, దానంతటదే తెగాల. పో పో," అన్నాడట వెంకటపతి.

రంపం కొన కొమ్మకు తగిలి ఎగిరింది. చైను ఆగలేదు. గోవిందన్ చెంపకు పదిహేడు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది.

గోవిందన్‌ను చూసి ఆసుపత్రి నుంచి నేరుగా షాపుకు వచ్చాను. రంపం కడిగి బల్ల మీద పెట్టి ఉంది. దారం అలాగే ఉంది, కొంచెం నల్లబడి.

"రేపు ఎవురికి ఇస్తా ఉండావు దీన్ని?" అని వెంకటపతిని అడిగాను.

"తిరువొత్తియూరు నించి ఒకడు వస్తాడు బావా. పొద్దున్నే ఆరుకి."

"ఈ దారంతోనేనా?"

"గోవిందనే గదా కొనతో కోసినాడు! వాడి తప్పుకి సామి దారం తెంపమంటావా? ఏంది బావా, కాలేజీ సదివినోడివి, మా నాయన మాదిరి అరస్తావే!"

"అరస్తా! ఆ ముడి చూసి గూడా నోరు మూసుకోని సుండల్ తిన్నోణ్ణి నేను. ఇంకోడి మొగం కోయించేదానికి ఈడ కూర్చోను. కత్తెర ఇయ్యి!"

వెంకటపతి కదల్లేదు. నేనే దారం లాగాను. ముడి బిగుసుకుపోయి పట్టుకు చిక్కలేదు. లోపలినుంచి భువనేశ్వరి కత్తెరతో వచ్చింది. ఏడ్చినట్టుంది.

"కట్టింది నేను గదన్నా. నేనే తీస్తా."

"పాపం తగులుద్ది భువనా!" అన్నాడు వెంకటపతి.

"ఆడ పదిహేడు కుట్లు తగిలినాయి. అది సాల్లేదా నీకు?"

ఆమె దారం కత్తిరించి, మడిచి, అమ్మవారి పటం కింద పెట్టింది. నేను గార్డును ముందుకు నెట్టాను. టక్కుమని వాలింది. మిగిలిన రంపాలు ఒక్కొక్కటీ దించి గార్డు వాలుతుందో లేదో చూశాం. చివరి రెండూ వెంకటపతే చూశాడు, నా ముఖం చూడకుండా.

నా కోపం తగ్గలేదు. అతనిమీదా, నామీదా. వీధిలోకి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే, భువనేశ్వరి లైటు ఆర్పి షాపు తలుపు చప్పుడు కాకుండా మూసింది.